దారిలో బండి ఆపితే...



ఇవాళ మాట్లాడబోయే విషయం పేరు వినగానే, "గంజాయి గొడవ మనకెందుకమ్మా, సంసారులం" అని రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోదామని కొందరికైనా అనిపిస్తుంది. కాస్త ఆగండి. దొంగసరుకు రవాణా చేసేవాళ్ళకోసం కాదు ఈ ప్రసంగం. వాళ్ళకు చట్టం మనకంటే బాగానే తెలుసు. కారులో పిల్లలతో అరకు చూడబోయేవారికోసం, కొడుకు చేతికి స్కూటరు తాళాలిచ్చి పంపేవారికోసం, "వదినా, ఈ సంచి కాస్త మా తమ్ముడికి అందించవూ" అంటే కాదనలేనివారికోసం ఇది.

మన రాష్ట్రాల్లో ఈ తనిఖీలు ఎక్కువగా ఉండటానికి కారణం ఉన్నది. విశాఖ మన్యం, అంటే 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడిన పాడేరు, చింతపల్లి ప్రాంతం, దానికి ఆనుకుని ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ జిల్లాలు - ఈ కొండల్లో గంజాయి సాగు ఏళ్ళతరబడి సాగింది. 2021లో ఆంధ్ర పోలీసువారు "ఆపరేషన్ పరివర్తన" అని పేరుపెట్టి వేల ఎకరాల్లో తోటలు కొట్టివేశారు. అయినా సరుకు నడక ఆగలేదు. కొండ దిగి నర్సీపట్నం మీదుగానో, భద్రాచలం మీదుగానో మైదానానికి చేరి హైదరాబాదుకూ, అక్కడినుంచి ఇంకా దూరాలకూ పోతూంటుంది. లారీల్లో కూరగాయల బుట్టల క్రింద పోతుంది, కార్ల సీట్ల క్రింద చేయించిన దొంగ అరల్లో పోతుంది, రైళ్ళలో పోతుంది. ఆ దారులే మనం పుణ్యక్షేత్రాలకూ, పెళ్ళిళ్ళకూ తిరిగే దారులు కూడాను. కనుక మన బండి కూడా ఆగుతుంది.

ఆపినప్పుడు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అనేదానికి మూలం 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం. కోర్టుల్లో "ఎన్.డి.పి.ఎస్." అంటారు. అంతకుముందు 1857నాటివీ, 1878నాటివీ నల్లమందు చట్టాలు, 1930నాటి ప్రమాదకర మందుల చట్టం ఉండేవి. అవి చాలవని, శిక్షలు పెంచి, 1985 నవంబరు 14 నుంచి ఈ కొత్త చట్టం అమలులోకి తెచ్చారు.

ముందుగా ఒక తేడా చెప్పుకుందాం. యూనిఫారంలో ఉన్న పోలీసు ఎవరైనా సరే డ్రైవరును లైసెన్సు చూపమనవచ్చు. అది మోటారు వాహనాల చట్టం క్రింద వచ్చే అధికారం. దానికి అనుమానం అవసరం లేదు. కాని లైసెన్సు చూడటం వేరు, డిక్కీ తెరిపించి సంచులు విప్పించి మాదకద్రవ్యాల కోసం వెతకటం వేరు. రెండవదానికి మాదకద్రవ్యాల చట్టంలో 49వ సెక్షను ఉన్నది. ఈ బండిలో అటువంటి సరుకు పోతున్నదనో, పోబోతున్నదనో అనుమానించటానికి కారణం ఉంటే బండిని ఆపవచ్చు, మూలమూలా వెతకవచ్చు, అందులోని సామానంతా విప్పి చూడవచ్చు. ఈ సెక్షను చదివితే కాస్త ఆశ్చర్యం వేస్తుంది. బండి అంటే కారూ లారీయే కాదు. జంతువును కూడా ఆపవచ్చునని వ్రాశారు. మన్యంలో ఇప్పటికీ గుర్రాలమీద సరుకు దించుతారు కనుక అదేమీ వింత కాదు. విమానమైతే దింపించవచ్చునట. చివరికి, ఆపమన్నా ఆగకుండా, న్యాయమైన పద్ధతులన్నీ విఫలమైతే, బండిమీద కాల్పులు జరపవచ్చునని కూడా ఉన్నది. అందుకే మొదటి మాట ఇదే: చెయ్యెత్తి ఆపితే ఆగండి. "లైసెన్సు మరిచిపోయానమ్మా, సందులోంచి పోతాను" అనే కుర్రవాడికి ఈ సంగతి ఒకసారి వివరంగా చెప్పండి. వాడి భయం జుల్మానాదే కావచ్చు. అవతలివారికి మాత్రం పారిపోయే బండి వేరుగా కనిపిస్తుంది.

మరి ఈ అధికారం ఎవరికి? 42వ సెక్షను ప్రకారం, కానిస్టేబులు కంటే పై హోదా ఉండి, ప్రభుత్వంవారు ఇందుకోసం అధికారం ఇచ్చిన ఉద్యోగికి. పోలీసులే కానక్కరలేదు, ఎక్సైజు, కస్టమ్సు, రెవెన్యూ శాఖలవారు కూడా ఉండవచ్చు. ఎవరైనా వచ్చి "ఫలానా కారులో సరుకు పోతున్నది" అని చెబితే, ఆ మాటను కాగితంమీద పెట్టాలి. ఆ కాగితం నకలు 72 గంటల్లోగా తన పై అధికారికి పంపాలి. ప్రొద్దు గుంకిన తరువాత వారంటు లేకుండా సోదా చేస్తే, వారంటుకోసం ఆగితే సరుకు దాటిపోతుందని ఎందుకు నమ్మాడో అది కూడా వ్రాయాలి.

ఈ కాగితాల గొడవ మనకెందుకు అనిపిస్తుంది. కాని కేసులు నిలిచేదీ, వీగిపోయేదీ ఇక్కడే. 2021లో సుప్రీంకోర్టు ముందుకు హర్యానానుంచి ఒక కేసు వచ్చింది. రోడ్డుప్రక్కన ఒక జీపులో గసగసాల కాయల పొట్టు సంచులు దొరికాయి. క్రింది కోర్టులు శిక్ష వేశాయి. రోడ్డు అందరిదీ కనుక అది బహిరంగ స్థలం, 42వ సెక్షను కాగితాలు అక్కరలేదు అని ప్రభుత్వం వాదన. కోర్టు ఒప్పుకోలేదు. రోడ్డు అందరిదే కావచ్చుగాని జీపు ఒకరి సొంతది, ప్రజలు టిక్కెట్టు కొని ఎక్కే బస్సులాంటిది కాదు, కనుక అనుమానం సంగతి ముందుగా వ్రాసిపెట్టవలసిందే అన్నది. కాగితం లేదు కనుక ముద్దాయిలను వదిలేశారు. బస్సుకూ, హోటలుకూ, దుకాణానికీ మాత్రం 43వ సెక్షను. అక్కడ అంత పట్టింపు లేదు. అంటే మన సొంత కారుకు చట్టం కాస్త ఎక్కువ గౌరవం ఇచ్చిందన్నమాట. ఆర్టీసీ బస్సులోని మన సంచికి అంత లేదు.

ఇంకోటి. లైసెన్సు కోసమో, తాగి నడిపేవారిని పట్టుకోవటానికో మామూలుగా ఆపినప్పుడు అనుకోకుండా సరుకు బయటపడిందనుకోండి. ముందు అనుమానం లేదు కనుక ఆ సోదా చెల్లదని అనటానికి వీల్లేదు. కాని సరుకు కంటబడిన ఆ క్షణంనుంచి మాదకద్రవ్యాల చట్టంలోని నియమాలన్నీ పాటించి తీరాలని 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు ఆడవాళ్ళందరికీ ముఖ్యమైన ప్రశ్న. "అయితే ఏమండీ, మమ్మల్ని కూడా దింపి ఒళ్ళు తడుముతారా?" ఈ మధ్య మా ప్రక్కింటి పిన్నిగారు అడిగిన ప్రశ్నే ఇది. ఆవిడ రోజూ కూతురింటికి రాత్రిపూట ఆటోలో వచ్చే మనిషి.

చట్టం దృష్టిలో బండి వేరు, సంచి వేరు, ఒళ్ళు వేరు. బండినీ, అందులోని సామానునూ వెతకటానికి అనుమతి విశాలంగా ఉన్నది. ఒంటిని సోదా చేయటానికి మాత్రం 50వ సెక్షను అడ్డుగోడలాగా నిలబడుతుంది. ఒంటిమీద సోదా చేయదలచినప్పుడు, "మిమ్మల్ని దగ్గరలో ఉన్న గెజిటెడ్ ఆఫీసరు దగ్గరికిగాని, మేజిస్ట్రేటు దగ్గరికిగాని తీసుకువెళ్ళి వారి ఎదుట సోదా చేయమని అడిగే హక్కు మీకున్నది" అని ముందుగా చెప్పాలి. 1999లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి చెప్పి తీరాలని తీర్పు ఇచ్చింది. ఆ మాట చెప్పకుండా ఒంటిమీదనుంచి తీసిన సరుకును, అతని దగ్గర ఉన్నదనటానికి సాక్ష్యంగా వాడుకోకూడదని కూడా అన్నది. 2010లో మరొక అయిదుగురి ధర్మాసనం ఇంకా గట్టిగా చెప్పింది: ఏదో చెప్పామనిపిస్తే చాలదు, ఆ మనిషికి తన హక్కు ఏమిటో తెలిసేటట్లు చెప్పాలి అని. మన ప్రాంతాల్లో గెజిటెడ్ ఆఫీసరంటే చాలాసార్లు తహసీల్దారుగారే వస్తూంటారు. అలా తీసుకువెళ్ళిన ఆఫీసరుకు సోదాకు తగిన కారణం కనిపించకపోతే, అక్కడికక్కడే ఆ మనిషిని వదిలిపెట్టాలి.

మనిషిని కదిలిస్తే సరుకు పారవేసేటట్లున్నాడని గట్టి కారణం ఉంటే మాత్రం, అలా తీసుకువెళ్ళకుండా సోదా చేయటానికి 2001లో సవరణ తెచ్చారు. అప్పుడు కూడా ఆ కారణం వ్రాసి 72 గంటల్లో పైకి పంపాలి.

ఆడవాళ్ళ సంగతికి వస్తే చట్టం ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆడమనిషి ఒంటిని ఆడమనిషి తప్ప మరెవ్వరూ సోదా చేయకూడదు. దీనికి "అయితే", "కాని" ఏమీ లేవు. రాత్రి పన్నెండయినా, ఊరికి దూరంగా ఉన్నా, మహిళా కానిస్టేబులు రావటం ఆలస్యమైనా అంతే. "మహిళా ఉద్యోగిని పిలిపించండి, అంతవరకు కూర్చుంటాము" అనటంలో ఎదురు తిరిగినట్లు ఏమీ లేదు. గొంతు పెంచకుండా అంటే చాలు. అరెస్టు వరకు వస్తే, ప్రొద్దు గుంకినప్పటినుంచి తెల్లవారేదాకా ఆడవారిని అరెస్టు చేయకూడదనే సాధారణ నియమం కూడా ఉన్నది. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి కారణం వ్రాసి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా తీసుకోవాలి.

అయితే ఒక మెలిక. మన భుజాన వేలాడే సంచీ, ఒళ్ళో పెట్టుకున్న పర్సు ఒంటిలో భాగం కావు. 2005లోనూ, మళ్ళీ 2023లోనూ సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. కనుక సంచి విప్పటానికి మేజిస్ట్రేటు రావాలని పట్టుబడితే చెల్లదు. "నేనే విప్పి చూపిస్తాను" అనండి. లేదా మహిళా ఉద్యోగి ఉంటే ఆవిడ చేత చూపించమని అడగండి. చాలామంది ఉద్యోగులు దీనికి అడ్డు చెప్పరు. మన సంచుల్లో ఏముంటుంది - నాలుగు మాత్రలు, రెండు రసీదులు, పిల్లవాడి బిస్కట్లు!

మాత్రలంటే గుర్తుకొచ్చింది. నిద్రకూ, ఆందోళనకూ డాక్టర్లు వ్రాసే కొన్ని మాత్రలు - ఆల్‌ప్రజోలం, డయాజిపాంలాంటివి - ఈ చట్టం పరిధిలోకే వస్తాయి. డాక్టరు వ్రాసిచ్చి, మన వాడకానికి మోతాదుగా ఉంచుకుంటే తప్పు కాదు. అందుకని అమ్మమ్మగారి మందుల డబ్బాలో డాక్టరు చీటీ కూడా పెట్టి తీసుకువెళ్ళండి. అన్నట్టు, ఇందాక గసగసాల కాయ పొట్టు అన్నానని మసాలా డబ్బావైపు అనుమానంగా చూడకండి. కాయ పొట్టు నేరంగాని, గింజలు, అంటే మనం కూరల్లో నూరి వేసుకునే గసగసాలు, ఇక్కడ నేరం కాదు. దుబాయిలాంటి చోట్ల మాత్రం అవి కూడా నిషేధమే. అక్కడున్న కూతురికి సామాను సర్దేటప్పుడు ఆ పొట్లం తీసి ప్రక్కన పెట్టండి.

సోదా జరుగుతున్నంతసేపూ ఏం చేయాలి? కళ్ళు తెరుచుకుని చూడాలి, అంతే. డిక్కీ తెరుస్తుంటే బండి దగ్గరే నిలబడండి. అందరినీ దూరంగా చెట్టుక్రింద నిలబెట్టి బండిని వెతకబోతే, మాలో ఒకరైనా చూస్తుంటామని మర్యాదగా అడగండి. ఏదైనా దొరికి స్వాధీనం చేసుకుంటే, స్థానికులైన మధ్యవర్తుల ఎదుట పంచనామా వ్రాయాలి. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎంత బరువు, ఏ సీలు వేశారు అన్నీ అందులో ఉండాలి. 2024 జూలై 1నుంచి పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. దాని 105వ సెక్షను ప్రకారం సోదానూ, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా వ్రాయటాన్నీ, సాక్షుల సంతకాలనూ వీడియో తీయాలి. సెల్‌ఫోనుతో తీసినా సరే. ఆ వీడియో జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. నా మట్టుకు నాకు ఇది చాలా మంచి మార్పు. కోర్టులో పదేళ్ళ తరువాత మధ్యవర్తి బోనెక్కి "నాకేమీ తెలియదు, స్టేషనుకు పిలిచి సంతకం పెట్టమన్నారు" అని చెప్పటం వినీ వినీ విసిగిపోయాము. నిజంగా సరుకు పట్టుకున్న ఉద్యోగికీ ఇది రక్షణే, ఏమీ ఎరుగని ప్రయాణికుడికీ రక్షణే.

చదవకుండా సంతకం పెట్టవద్దు. తెల్లకాగితంమీద అసలే వద్దు. ఈ చట్టం క్రింద అధికారం ఉన్న ఉద్యోగులకు ఇచ్చిన ఒప్పుకోలు వాఙ్మూలం నేర నిరూపణకు పనికిరాదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చెల్లదు కదా అని సంతకం చేసేయవచ్చునా అంటే, అదీ వద్దు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవారికో స్నేహితులకో కబురు చేయాలి, ప్రయాణకాలం పోగా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి.

2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో కుర్రవాళ్ళ స్కూటర్లు ఆపి, సెల్‌ఫోన్లు తీసుకుని, గంజాయి మాటలున్నాయేమోనని సందేశాలు చదివిన దృశ్యాలు బయటికి వచ్చాయి. దానిమీద చాలా విమర్శ వచ్చింది. 49వ సెక్షనులో బండీ, బండిలోని సామానూ అన్నారేగాని, ఫోనులోని ఉత్తరాల మాట ఎక్కడా లేదు. నా అభిప్రాయంలో అది దారిలో చేసే పని కాదు. డిక్కీ తెరిచి చూపటం వేరు, మనసు తెరిచి చూపటం వేరు కదండీ!

అసలు భయపడవలసిన చోటు ఇంకొకటి ఉన్నది. మామూలు కేసుల్లో నేరం రుజువుచేసే భారమంతా ప్రభుత్వానిదే. ఇక్కడ అలా కాదు. సరుకు మీ దగ్గర ఉన్నదని వారు చూపగలిగితే, అది మీకు తెలిసే ఉన్నదని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని చూపవలసింది మీరే. 35, 54 సెక్షన్లు ఇందుకోసమే ఉన్నవి. "నాకు తెలియదండీ, ఎవరో పెట్టారు" అని ఏడిస్తే చాలదు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, మీరెందుకు నమ్మారు అన్నీ చూపాలి.

రెండు కేసులు చెబుతాను. 2002లో పంజాబునుంచి వచ్చిన కేసులో, గసగసాల పొట్టు బస్తాలు వేసుకుపోతున్న లారీలో బస్తాలమీద కూర్చున్నవారిని పట్టుకున్నారు. బస్తాలమీద కూర్చున్నంతమాత్రాన అవి వారివేనని ఎలా అంటారు, వారికి వాటిమీద అధికారం ఉన్నదని రుజువేది అని సుప్రీంకోర్టు వారిని వదిలిపెట్టింది. ఆ మరుసటి ఏడే, 2003లో, హిమాచల్ ప్రదేశ్ కేసు. ఒక సొంతకారులో కలిసి పోతున్న మిత్రులు; కారులో సంచి; సంచిలో చరస్. "అది మాలో ఒకడిది, మాకేమీ తెలియదు" అని మిగతావారి మొర. కోర్టు ఏమన్నదంటే - మీరంతా ఒకరికొకరు తెలిసినవారు, ఇది ఎవరైనా ఎక్కే బస్సు కాదు, ఒకే చోటినుంచి ఒకే కారులో ఎందుకు వస్తున్నారో సరిగా చెప్పలేకపోయారు. అందరి శిక్షలూ ఖాయం చేసింది. లారీలో బయటపడినవారికీ, కారులో చిక్కినవారికీ తేడా ఎక్కడున్నదో చూశారు కదా. మన అబ్బాయి స్నేహితుల కారులో వెనకసీటులో కూర్చుని అరకు వెళ్ళి వస్తున్నాడంటే, అతను ఆ రెండవ కేసులో ఉన్నవాడన్నమాట. ఆ కారు డిక్కీలో ఎవరి సంచి ఏమిటో వాడికి తెలిసి ఉండాలి.

మొహమాటం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పటానికి విదేశంలో జరిగిన సంగతి ఒకటి. 2019లో బొంబాయినుంచి ఖతార్ వెళ్ళిన ఒక కొత్త దంపతుల సామానులో దాదాపు 4 కిలోల చరస్ దొరికింది. అది బంధువు ఒకరు అక్కడ ఎవరికో అందించమని ఇచ్చిన పొట్లమట. పదేళ్ళ చొప్పున శిక్ష పడింది. ఆ అమ్మాయి జైల్లోనే ప్రసవించింది. మన దేశపు అధికారులు దర్యాప్తు చేసి, వారు మోసపోయారని నిర్ధారించి, ఆ కాగితాలు అక్కడి కోర్టుకు చేరి, చివరికి 2021లో బయటపడి ఇల్లు చేరారు. పొట్లం ఇచ్చింది పరాయివారు కాదు, చుట్టరికమే. బస్సులో ప్రక్కసీటావిడ "ఈ సంచి చూస్తూండండమ్మా, నీళ్ళు తెచ్చుకుంటాను" అంటే, చూస్తూ ఉండటం పర్వాలేదు. తీసి మన కాళ్ళదగ్గర పెట్టుకోనక్కరలేదు. చుట్టాల పొట్లమైతే మన ఎదుట విప్పి సర్దమనండి. కోపం వస్తే రానివ్వండి.

శిక్ష ఎంత అన్నది బరువునుబట్టి ఉంటుంది. గంజాయి 1 కిలో వరకు స్వల్పం: ఏడాది దాకా కఠిన శిక్షగాని, 10 వేల దాకా జుల్మానాగాని, రెండూగాని. 20 కిలోలు వాణిజ్య పరిమాణానికి హద్దు. అది దాటితే పదేళ్ళకు తగ్గకుండా ఇరవయ్యేళ్ళ దాకా శిక్ష, లక్షకు తగ్గకుండా జుల్మానా. మధ్యలో ఉన్నదానికి పదేళ్ళ వరకు, లక్ష వరకు. మన ఇంటికి వచ్చే బియ్యం బస్తాయే 25 కిలోలు ఉంటుంది కదా. కారు డిక్కీలో అటువంటి మూట ఒక్కటి ఉంటే చాలు, పదేళ్ళు. అక్కడ బెయిలు కూడా మామూలుగా రాదు. ముద్దాయి నేరం చేయలేదని నమ్మటానికి కారణాలున్నాయని కోర్టుకు తోచాలి. హెరాయిన్ అయితే 5 గ్రాములు దాటితే స్వల్పం కాదు, 250 గ్రాములు దాటితే వాణిజ్యం. కుర్రకారు పార్టీల్లో వినిపించే ఎం.డి.ఎం.ఏ. అయితే అర గ్రాము, 10 గ్రాములు.

బండి మనది, నడిపినవాడు మరొకడు అయితే? తెలిసి ఇస్తే ఆ నేరానికి ఉన్న శిక్షే యజమానికీ పడుతుంది. అది 25వ సెక్షను. తెలియకుండా జరిగితే మనిషికి శిక్ష లేకపోయినా బండి పోవచ్చు. 60వ సెక్షను ప్రకారం సరుకు మోసిన బండి జప్తుకు లోబడుతుంది. తనకూ, బండి అప్పగించినవాడికీ తెలియదనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనీ యజమాని రుజువు చేసుకుంటే తప్ప విడుదల కాదు. కేసు తేలేదాకా స్టేషను ఆవరణలో ఎండకు ఎండి వానకు తడిసే బండ్లను మనం చూస్తూనే ఉన్నాం. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయంలో యజమానులకు కొంత ఊరట ఇచ్చింది. అస్సాంలో ఒకరి లారీ ఎక్కిన ప్రయాణికుడి దగ్గర హెరాయిన్ దొరికింది. లారీ అప్పుచేసి కొన్నది, అదే ఆయన బ్రతుకుతెరువు. యజమానిమీద నేరారోపణ లేదు. అటువంటప్పుడు షరతులు పెట్టి, విచారణ ముగిసేలోగా బండి ఇచ్చివేయటానికి చట్టం అడ్డు కాదు అన్నది. కనుక బండి చిక్కితే చేతులు కట్టుకు కూర్చోకుండా కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పాత స్కూటరు అమ్మేశాం, డబ్బు అందింది, ఇంకేమిటి అనుకునేవారు చాలామంది. పుస్తకంలో పేరు మార్చని బండి ఎక్కడ దొరికినా పోలీసువారు వచ్చేది మన గుమ్మంలోకే. 29, 30 నంబరు ఫారాలు పూర్తిచేసి రవాణా కార్యాలయంలో పేరు మారేదాకా అమ్మకం పూర్తికాలేదనే లెక్క. మీవారికి గుర్తుచేయండి, మగవాళ్ళకు ఈ పని ఎప్పుడూ "వచ్చేవారం" పని.

కారణం లేకుండా వేధించటానికే సోదా చేస్తే? 58వ సెక్షను ఉన్నది. తగిన అనుమానం లేకుండా సోదా చేసిన, స్వాధీనం చేసుకున్న, అరెస్టు చేసిన ఉద్యోగికి ఆరు నెలల వరకు జైలుగాని, వెయ్యి రూపాయల వరకు జుల్మానాగాని, రెండూగాని. వెయ్యి రూపాయలంటే ఈ రోజుల్లో ఎవరూ భయపడరనుకోండి. అదే సెక్షనులో రెండవ భాగం కూడా చదవండి. కావాలని అబద్ధపు కబురు చెప్పి ఇంకొకరిని పట్టించినవారికి రెండేళ్ళ వరకు జైలు. ఎదురింటివారితో పార్కింగు తగవు పడి, "వాళ్ళ కారులో ఏదో ఉన్నది" అని ఫోను చేసేవారు ఈ మాట వినాలి.

ఇక చివరికి, ఎవరూ పైకి అడగని ప్రశ్న. ఒకరోజు కూరలు తెద్దామని మీరే స్కూటరు డిక్కీ తెరిచారు. అడుగున ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న పొట్లం. వాసన తెలిసిపోయింది. స్కూటరు రోజూ తీసుకువెళ్ళేది మీ అబ్బాయి. ఏం చేస్తారు? తిట్టి, కొట్టి, పొట్లం కాలవలో పారేసి, ఎవరికీ చెప్పకుండా దిగమింగుతారు చాలామంది తల్లులు. వారంలోగా మరో పొట్లం వస్తుంది. ఈసారి దారిలో ఎవరో తెరుస్తారు.

ఇంత కఠినమైన చట్టంలోనూ 64-ఏ అని ఒక సెక్షను పెట్టారు. మత్తుకు అలవాటుపడినవాడు, వాడినందుకో స్వల్ప పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసులో చిక్కినా, తనంతట తాను ప్రభుత్వం నడిపే లేక గుర్తించిన సంస్థలో చికిత్సకు చేరితే, అతనిని విచారించి శిక్షించరు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసివేయవచ్చు. అమ్మేవాడికి ఇది వర్తించదు, వాడేవాడికి మాత్రమే. అందుకని పొట్లం దొరికిన రోజునే వాడిని కూర్చోబెట్టి అడగండి. ఎన్నాళ్ళనుంచి, ఎవరిచ్చారు, వాడుతున్నావా లేక ఇంకెవరికో మోస్తున్నావా అని. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబునుబట్టి డాక్టరు దగ్గరికా, ముందు వకీలు దగ్గరికా అన్నది తేలుతుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోనూ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలోనూ ఈ అలవాటు మాన్పించే చికిత్స ఉన్నది. ఫోనులో సలహాకు 14446 నంబరు ఉన్నది, డబ్బు పడదు. సరుకు అమ్మేవాళ్ళ సంగతి తెలియజేయాలనుకుంటే 1933కు చేయవచ్చు, పేరు చెప్పనక్కరలేదు.